రెండో కార్డు పెట్టాక కనెక్షన్లు తెగుతున్నాయా? కార్డు మార్చే ముందు గేట్‌వే చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. లినక్స్ సర్వర్. మొదటి నెట్‌వర్క్ కార్డుకి 192.168.10.25, గేట్‌వే (అంటే వేరే నెట్‌వర్క్‌లకి దారిచ్చే రూటర్ చిరునామా) 192.168.10.1. బ్యాకప్ కోసమని ఈమధ్య రెండో కార్డు పెట్టారు. దానికి 192.168.20.25, గేట్‌వే 192.168.20.1. అప్పట్నుంచి సర్వర్ ఉన్న ఆఫీసులో వాళ్లకి ఏ ఇబ్బందీ లేదు, బ్యాకప్ కూడా చక్కగా నడుస్తోంది. 10.5.3.0 నెట్‌వర్క్‌లో ఉన్న బ్రాంచి వాళ్లకి మాత్రం ఒక రోజు కనెక్ట్ అవుతుంది, ఇంకో రోజు టైమవుట్ వస్తుంది. రీబూట్ చేస్తే ఒక్కోసారి బాగుపడుతుంది, ఒక్కోసారి లేదు. రెండో కార్డు ఆపేస్తే అన్నీ సవ్యంగా ఉంటాయి. కేబుల్ మార్చారు, కాసేపు బాగుపడి మళ్లీ మొదటికొచ్చింది. స్విచ్‌లో పోర్ట్ మార్చారు, సర్వర్ ఫైర్‌వాల్ కాసేపు ఆపి కూడా చూశారు. చివరికి "కార్డు పోయిందంటారా, కొత్తది తెప్పించమంటారా?" అని అడిగారు.

వద్దు, తెప్పించకండి. పాడైన కార్డుకి తన పర భేదం ఉండదు, అందరినీ ఒకేలా ఏడిపిస్తుంది. పక్క సీటులో వాళ్లకి బాగా పనిచేస్తూ, రూటర్ దాటి వచ్చేవాళ్లకి మాత్రమే మొరాయిస్తోందంటే అది రూటింగ్ గొడవ. మీరు రాసిన వివరాల్లో నా కంటికి ముందుగా తగిలింది ఒకటే: రెండు కార్డులకీ గేట్‌వే ఇచ్చారు.

మనలో చాలామంది మనసులో ఒక నమ్మకం ఉంటుంది. మొదటి కార్డు మీద వచ్చిన ప్రశ్నకి జవాబు మొదటి కార్డు మీదే వెళ్తుందని. వినడానికి సబబుగానే ఉంటుంది కానీ సర్వర్ అలా ఆలోచించదు. ఇంటికి వీధి గుమ్మం, పెరటి గుమ్మం ఉన్నాయనుకోండి. మనిషి ఏ గుమ్మంలోంచి వచ్చాడన్నది సర్వర్ గుర్తుపెట్టుకోదు. జవాబు పంపేటప్పుడు "ఎక్కడికి వెళ్లాలి?" అని మాత్రమే చూసి, ఆ చిరునామాకి తన రూటింగ్ టేబుల్‌లో ఏ దారి రాసి ఉంటే ఆ గుమ్మంలోంచి పంపేస్తుంది. కార్డులు రెండైనా, ప్రత్యేకంగా చెప్పకపోతే రూటింగ్ టేబుల్ ఒక్కటే.

మీ సర్వర్‌లో "ఐపీ రూట్ షో" కొట్టండి. ఇంచుమించు నాలుగు వరుసలు కనిపించాలి. 192.168.10.0 నేరుగా మొదటి కార్డు మీద ఉందని ఒకటి, 192.168.20.0 నేరుగా రెండో కార్డు మీద ఉందని ఇంకొకటి, "డీఫాల్ట్" అని మొదలయ్యేవి రెండు. మొదటి రెండింటి వల్లే మీ ఆఫీసు వాళ్లకీ బ్యాకప్‌కీ ఏ తేడా రావడం లేదు. వాటికి గేట్‌వేతో పనే లేదు, ఎదురుగా ఉన్నవాళ్లకి నేరుగా ఇచ్చేయడమే. బ్రాంచి చిరునామా ఆ రెండింటిలోనూ పడదు కాబట్టి డీఫాల్ట్ మీద ఆధారపడాలి. అక్కడేమో ఇద్దరున్నారు. ఆ వరుసల చివర మెట్రిక్ అని ఒక అంకె ఉంటుంది. తక్కువ అంకె ఉన్నది గెలుస్తుంది, రెండోది ఊరికే కూర్చుంటుంది. రెండు గేట్‌వేలిస్తే పని సగం సగం పంచుకుంటాయని, ఒకటి పోతే ఇంకోటి అందుకుంటుందని అనుకుంటారు. పంచుకోవు. అందుకోవడం కూడా కార్డు దగ్గర లింక్ పడిపోతే జరుగుతుందేమో గానీ, గేట్‌వేకి అవతల లైను తెగిందన్న సంగతి సర్వర్‌కి మామూలుగా తెలియదు.

మరి రీబూట్ చేస్తే ఒక్కోసారి ఎందుకు బాగుపడుతోంది? నెట్‌వర్క్ మేనేజర్ వాడే సిస్టమ్‌లలో ఈథర్‌నెట్ కార్డు డీఫాల్ట్ రూట్‌కి మామూలుగా 100 మెట్రిక్ వస్తుంది. ఇంకో కార్డు కూడా డీఫాల్ట్ కావాలంటే దానికి 101. అంటే ముందు లేచిన కార్డు గెలిచినట్టు. బ్రాంచి వాళ్లకి ఆ రోజు పని జరుగుతుందా లేదా అన్నది బూట్ సమయంలో రెండు కార్డుల మధ్య జరిగే పరుగు పందెం తేలుస్తోంది. మధ్యలో ఎవరైనా కేబుల్ ఒకసారి ఊడదీసి పెట్టినా పందెం మళ్లీ మొదలవుతుంది. మీరు కేబుల్ మార్చినప్పుడు కాసేపు బాగుపడిందని రాశారు చూడండి, కేబుల్ మంచిదై కాదు.

ఇదంతా నా మాట మీద నమ్మనక్కర్లేదు, కళ్లతో చూడొచ్చు. బ్రాంచి వాళ్లకి కనెక్ట్ అవ్వని సమయంలో సర్వర్‌లో "ఐపీ రూట్ గెట్" అని కొట్టి పక్కన బ్రాంచి మెషీన్ చిరునామా ఇవ్వండి, 10.5.3.40 అనుకుందాం. ఆ చిరునామాకి ఇప్పుడు ఏ గేట్‌వే ద్వారా, ఏ కార్డులోంచి, ఏ సోర్స్ అడ్రస్‌తో (పంపేవాడి చిరునామాతో) వెళ్తానో కెర్నల్, అంటే లినక్స్ గుండెకాయ, ఒక్క వరుసలో చెప్పేస్తుంది. అందులో రెండో కార్డు పేరు, 192.168.20.1 కనిపించాయంటే దొంగ దొరికినట్టే.

తర్వాత రెండు టెర్మినల్ విండోలు తెరవండి. ఒకదానిలో మొదటి కార్డు మీద, ఇంకోదానిలో రెండో కార్డు మీద టీసీపీడంప్ (కార్డు మీద వచ్చీపోయే ప్యాకెట్లని చూపించే ప్రోగ్రామ్) పెట్టండి, రెండింటిలోనూ 10.5.3.40 హోస్ట్ మాత్రమే చూపించమని. పేర్లు వెతకకుండా అంకెలే చూపించమనడం మరవద్దు, లేకపోతే డీఎన్‌ఎస్ (పేర్లకీ అంకెల చిరునామాలకీ లంకె చూపే వ్యవస్థ) వెతుకులాటలోనే పుణ్యకాలం గడిచిపోతుంది. ఇప్పుడు బ్రాంచిలో ఎవరినైనా ఒక్కసారి కనెక్ట్ చేయమనండి. మొదటి విండోలో 10.5.3.40 నుంచి 192.168.10.25కి ఒక సిన్, అంటే కనెక్షన్ మొదలుపెడదామని అడిగే ప్యాకెట్, వస్తుంది. సెకను తర్వాత అదే సిన్ మళ్లీ. ఇంకో రెండు సెకన్లకి మళ్లీ, ఆపైన నాలుగు సెకన్లకి మళ్లీ. అదే పోర్ట్ నంబర్, అదే సీక్వెన్స్ నంబర్. పలికే దిక్కు లేక తలుపు కొడుతూనే ఉన్నాడన్నమాట. ఇప్పుడు రెండో విండో చూడండి. అసలు సంగతి అక్కడ తేలుతుంది.

అందులో 192.168.10.25 నుంచి 10.5.3.40కి సిన్-యాక్ (సిన్‌కి సర్వర్ ఇచ్చే జవాబు) బయటికి వెళ్తూ కనిపిస్తే, సర్వర్ జవాబిస్తోంది గానీ పెరటి గుమ్మంలోంచి ఇస్తోంది. అవతల ఉన్న 192.168.20.1కి ఇది వింతగా ఉంటుంది. తన వైపు ఉండేవి 192.168.20తో మొదలయ్యే చిరునామాలు, ఈ ప్యాకెట్ మీదేమో 192.168.10.25 అని ఉంది. పైగా అది ఫైర్‌వాల్ అయితే, సిన్ చూడకుండా సిన్-యాక్ మాత్రమే వచ్చింది కాబట్టి మొదలవ్వని సంభాషణకి జవాబేంటని పారేస్తుంది. అది దాని ధర్మం, తప్పు పట్టలేం. అక్కడ ఫైర్‌వాల్ కాకుండా మామూలు రూటర్ ఉంటే ఇదే వంకర దారిలో కూడా పని జరిగిపోతుంది. అందుకే ఇలాంటి సెటప్ ఏళ్ల తరబడి బాగానే నడిచి, ఎవరో ఫైర్‌వాల్ మార్చిన మర్నాడు చచ్చిపోతుంది, అందరూ పాపం ఆ ఫైర్‌వాల్ మార్చినవాడిని తిడతారు.

రెండు విండోల్లోనూ సిన్-యాక్ ఎక్కడా లేదు, మొదటి కార్డు మీద సిన్ మాత్రం వస్తూనే ఉంది అంటే ఇంకో కథ. అది ఆర్‌పీ ఫిల్టర్, అంటే రివర్స్ పాత్ ఫిల్టర్. ప్యాకెట్ రాగానే కెర్నల్ తనలో తాను లెక్క వేసుకుంటుంది: "ఈ పంపినవాడికి నేను జవాబు పంపాల్సి వస్తే ఏ కార్డులోంచి పంపేవాణ్ని?" ఆ కార్డు, ప్యాకెట్ వచ్చిన కార్డు ఒకటి కాకపోతే, పంపినవాడు దొంగ చిరునామా వేసుకొచ్చాడని అనుమానించి నోరెత్తకుండా పారేస్తుంది. లాగ్‌లో మాట ఉండదు, సర్వర్ ఫైర్‌వాల్ ఆపినా తేడా ఉండదు. మీరు ఫైర్‌వాల్ ఆపి చూసి "అదీ కాదు" అనుకున్నారు కదా, ఇది ఆ ఫైర్‌వాల్ సెట్టింగ్‌లలో ఉండదు, సిస్‌సీటీఎల్‌లో, అంటే కెర్నల్ సెట్టింగ్‌లలో, ఉంటుంది. టీసీపీడంప్ ఇంకా ముందు, కార్డు దగ్గరే నిలబడి చూస్తుంది. అందుకే అందులో ప్యాకెట్ కనిపిస్తుంది, అప్లికేషన్‌కి మాత్రం చేరదు.

ఈ ఫిల్టర్‌కి మూడు విలువలు. 0 అంటే చూడదు. 1 అంటే కచ్చితం, పైన చెప్పినట్టు. 2 అంటే మెతక: ఏదో ఒక కార్డు ద్వారా ఆ చిరునామాకి దారి ఉంటే చాలు, రానిస్తుంది. రెడ్‌హ్యాట్ కుటుంబపు డిస్ట్రోల్లో చాలాకాలంగా 1 ఉంటోంది, కొన్ని వేరేవాటిలో 2. మీ దాంట్లో ఎంత ఉందో సిస్‌సీటీఎల్‌తో చూసుకోండి. ఒక మెలిక ఉంది. "ఆల్" కింద ఒక విలువ, కార్డు పేరు కింద ఇంకో విలువ ఉంటాయి, రెండింటిలో ఏది పెద్దదైతే అది చెల్లుతుంది. కార్డుకి 0 పెట్టి, ఆల్‌లో 1 అలాగే వదిలేసి, "మార్చాను సార్, ఏమీ తేడా లేదు" అనేవాళ్లని చాలామందిని చూశాను. లెక్క సరిచూసుకోవడానికి "ఎన్‌స్టాట్" కమాండ్‌లో ఐపీ రివర్స్ పాత్ ఫిల్టర్ పేరుతో ఒక కౌంటర్ ఉంటుంది. సున్నా ఉన్న కౌంటర్లు కూడా చూపించమని అడగండి. బ్రాంచి వాళ్లు ప్రయత్నించిన ప్రతిసారీ అది పెరుగుతోందంటే ఇంక సందేహం అక్కర్లేదు.

అలాగని వెంటనే దాన్ని 0 చేసేసి వెళ్లిపోకండి. ఇంటర్నెట్‌లో సగం సలహాలు అక్కడితో ఆగిపోతాయి. ఫిల్టర్ ఆపితే సిన్ లోపలికి వస్తుంది, సిన్-యాక్ మళ్లీ పెరటి గుమ్మంలోంచే వెళ్తుంది. ఒక జబ్బు పోయి ఇంకోటి వస్తుంది, అంతే. ఒకటి కంటే ఎక్కువ దారులున్న నెట్‌వర్క్‌లకి ఈ కచ్చితమైన పద్ధతి ఇబ్బంది పెడుతుందని, మెతక పద్ధతి ఎక్కడ పనికొస్తుందో 2004లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3704 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంలో వివరంగానే రాశారు. కాబట్టి ఫిల్టర్ తప్పేం చేయడం లేదు, మీ రూటింగ్ వంకరగా ఉందని చెప్తోంది.

రెండు కార్డుల మీదా ఒకేసారి చూడమని ఎందుకు అంతగా చెప్తున్నానంటే, నేను ఒకసారి తిన్న దెబ్బ అలాంటిది. ఒక క్లయింట్ దగ్గర అచ్చం ఇదే సమస్య. టీసీపీడంప్ పెట్టాను, కానీ సమస్య ఉన్న కార్డు మీద మాత్రమే. సిన్ వస్తోంది, జవాబు లేదు. అప్లికేషన్ జవాబివ్వడం లేదని తేల్చేసి, అప్లికేషన్ టీమ్‌ని శనివారం రాత్రి పదకొండింటికి లేపాను. వాళ్లు రెండు గంటలు తమ కోడ్‌లో వెతుక్కున్నారు, థ్రెడ్ పూల్ పెంచారు, సర్వీస్ నాలుగుసార్లు రీస్టార్ట్ చేశారు. చివరికి వాళ్లలో ఒక కుర్రాడు "అన్నా, సాకెట్ లిస్ట్‌లో సిన్ రిసీవ్డ్ స్థితిలో బోలెడు కనెక్షన్లు ఉన్నాయి. అంటే మన సర్వర్ జవాబిచ్చినట్టే కదా, ఆ జవాబు ఎటు పోతోంది?" అని అడిగాడు. ఇంకో కార్డు మీద చూస్తే బారులు తీరి వెళ్తున్నాయి. ఆ టీమ్‌కి ఇప్పటికీ నేను ఫోన్ చేస్తే టెన్షనే.

సరే, బాగు చేసే సంగతికొద్దాం. మొట్టమొదటి జాగ్రత్త: ఈ మార్పులు సర్వర్ కన్సోల్ ముందు కూర్చుని గానీ, ఐలో, ఐడ్రాక్ లాంటి రిమోట్ కన్సోల్ నుంచి గానీ చేయండి. ఎస్‌ఎస్‌హెచ్‌లో, అంటే అదే నెట్‌వర్క్ మీద దూరం నుంచి లాగిన్ అయి, కూర్చుని డీఫాల్ట్ రూట్ పీకేయడం అంటే కూర్చున్న కొమ్మని నరుక్కోవడమే. ఉబుంటు సర్వర్ అయితే "నెట్‌ప్లాన్ ట్రై" వాడండి. 120 సెకన్లలోపు మీరు సరేనని ఎంటర్ నొక్కకపోతే పాత సెట్టింగ్‌లకి తనే వెనక్కి వెళ్తుంది.

మీ విషయంలో పరిష్కారం చిన్నది. రెండో కార్డు బ్యాకప్‌కి మాత్రమే. బ్యాకప్ సర్వర్ కూడా 192.168.20.0 లోనే ఉంటే ఆ కార్డుకి గేట్‌వే అవసరమే లేదు, తీసేయండి. బ్యాకప్ సర్వర్ వేరే నెట్‌వర్క్‌లో, ఉదాహరణకి 192.168.30.0 లో ఉంటే, ఆ ఒక్క నెట్‌వర్క్‌కి మాత్రం 192.168.20.1 ద్వారా వెళ్లమని ఒక స్టాటిక్ రూట్ రాయండి. డీఫాల్ట్ మొదటి కార్డుకి ఒక్కదానికే. నెట్‌వర్క్ మేనేజర్‌లో గేట్‌వే గడి ఖాళీ చేయడంతో పాటు "నెవర్ డీఫాల్ట్" అనే ఆప్షన్‌ని ఎస్ చేయండి. రెండో కార్డుకి డీహెచ్‌సీపీ (చిరునామాలు దానంతటదే ఇచ్చే పద్ధతి) ఉంటే ఇది తప్పనిసరి. మీరు గేట్‌వే ఇవ్వకపోయినా డీహెచ్‌సీపీ సర్వర్ ఇచ్చేస్తుంది. డీఎన్‌ఎస్ కూడా అలాగే దొడ్డిదారిన వస్తుంది, చూసుకోండి. ఐపీవీ6 (కొత్త తరం ఐపీ చిరునామాలు) ఆన్‌లో ఉంటే రూటర్ తనంతట తాను చేసే ప్రకటన, అంటే రూటర్ అడ్వర్టైజ్‌మెంట్ ద్వారా కూడా డీఫాల్ట్ రూట్ రావచ్చు, దానికీ అదే నెవర్ డీఫాల్ట్.

మీలాంటి పది కేసుల్లో ఎనిమిదింటికి ఇక్కడితో పని అయిపోతుంది. అంకె నా అనుభవంలోంచి చెప్తున్నాను, సర్వే ఏం చేయలేదు.

మిగతావాళ్లకి రెండు చిరునామాలకీ బయటి నుంచి మనుషులు రావాలి. ఉదాహరణకి ఒక కార్డు మీద ఉద్యోగులు, ఇంకోదాని మీద వేరే లైను ద్వారా కస్టమర్లు. అప్పుడు ఒక్క గేట్‌వే చాలదు, పాలసీ రూటింగ్ పెట్టాలి. పేరు చూసి భయపడక్కర్లేదు. "ఎక్కడికి వెళ్లాలి" అన్నదానితో పాటు "ఏ చిరునామాతో బయల్దేరుతున్నావు" అని కూడా అడగమని కెర్నల్‌కి చెప్పడం, అంతే. రెండో కార్డు కోసం 120 అని ఒక కొత్త టేబుల్ అనుకోండి. అందులో రెండే వరుసలు రాయండి: 192.168.20.0 నేరుగా రెండో కార్డు మీద అని ఒకటి, డీఫాల్ట్ 192.168.20.1 ద్వారా అని ఒకటి. తర్వాత ఒక రూల్: 192.168.20.25 నుంచి బయల్దేరే ప్యాకెట్ ఏదైనా సరే 120 టేబుల్ చూడాలి. కమాండ్ రూపంలో అది "ఐపీ రూల్ యాడ్ ఫ్రమ్ 192.168.20.25 టేబుల్ 120". మెయిన్ టేబుల్‌లో, అంటే ఇన్నాళ్లూ ఉన్న మామూలు టేబుల్‌లో, డీఫాల్ట్ మాత్రం మొదటి కార్డుది ఒక్కటే ఉంటుంది. "ఐపీ రూల్ షో" కొడితే మీ రూల్ 32766 నంబర్ దగ్గరున్న మెయిన్ కంటే పైన కనిపించాలి. కింద ఉంటే ఉన్నా లేనట్టే, ఎందుకంటే మెయిన్‌లోని డీఫాల్ట్ ప్యాకెట్‌ని ముందే పట్టుకుపోతుంది.

కొత్త టేబుల్‌లో ఆ మొదటి వరుస, అంటే నేరుగా ఉన్న నెట్‌వర్క్ వరుస, రాయడం చాలామంది మర్చిపోతారు. అప్పుడు పక్కనే ఉన్న బ్యాకప్ సర్వర్‌కి కూడా ప్యాకెట్ గేట్‌వే దాకా వెళ్లి తిరిగొస్తుంది. పని జరుగుతుంది, కానీ వేగం ఎందుకు పడిపోయిందో నెల తర్వాత ఎవరికీ అర్థం కాదు. ఇంకో మాట, ఈ రూల్ బయటి నుంచి వచ్చిన కనెక్షన్లకి ఇచ్చే జవాబులకి సరిపోతుంది, ఎందుకంటే వాటి సోర్స్ అడ్రస్ అప్పటికే ఖరారై ఉంటుంది. సర్వర్ తనంతట తాను మొదలుపెట్టే కనెక్షన్‌కి దారి వెతికేటప్పుడు ఇంకా సోర్స్ అడ్రస్ ఉండదు. కాబట్టి అవి మెయిన్ టేబుల్ ప్రకారం మొదటి కార్డులోంచే వెళ్తాయి. యూడీపీ సర్వీసులతో, అంటే ముందుగా కనెక్షన్ పెట్టుకోకుండా ప్యాకెట్లు పంపేవాటితో, కూడా ఇదే పేచీ. అన్ని చిరునామాల మీదా ఒకే సాకెట్‌తో వినే కొన్ని ప్రోగ్రామ్‌లు జవాబుని వేరే సోర్స్ అడ్రస్‌తో పంపేస్తాయి. డీఎన్‌ఎస్ పరీక్షలో "ఊహించని చిరునామా నుంచి జవాబు" అనే ధోరణిలో ఎర్రర్ వస్తే అదే. ఆ ప్రోగ్రామ్‌ని ఒక్కో చిరునామాకి విడిగా బైండ్ చేయాలి, అంటే ఒక్కో చిరునామా మీద విడిగా వినేలా పెట్టాలి.

కమాండ్ లైన్‌లో రాసినవన్నీ రీబూట్‌తో పోతాయి. పనిచేస్తోందని తేలాక కాన్ఫిగరేషన్ ఫైల్‌లో రాయండి.

రెండు కార్డులూ ఒకే సబ్‌నెట్‌లో పెట్టినవాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి వాళ్లకో మాట. ఒకే స్విచ్‌కి రెండు కేబుళ్లు, 192.168.10.25 ఒకటి, 192.168.10.26 ఒకటి, "స్పీడ్ రెట్టింపు అవుతుంది" అని. అవ్వదు. లినక్స్ దృష్టిలో చిరునామా కార్డుది కాదు, మొత్తం మెషీన్‌ది. 192.168.10.25 ఎవరిదని ఏఆర్‌పీ (ఐపీ వెనకున్న కార్డు మ్యాక్ అడ్రస్, అంటే హార్డ్‌వేర్ నంబర్, వెతికే పద్ధతి) అడిగితే రెండు కార్డులూ "నాదే" అంటాయి. పక్క మెషీన్ నుంచి "ఏఆర్‌పింగ్" కొట్టి చూడండి, ఒకే ఐపీకి రెండు మ్యాక్ అడ్రస్‌లు జవాబిస్తాయి. చిరునామా ఎవరిదన్న ఈ తేడా కొత్తదేం కాదు. 1989 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1122లోనే బలమైన (చిరునామా కార్డుదే), బలహీనమైన (మొత్తం మెషీన్‌ది) పద్ధతులని రెండుగా చెప్పారు. లినక్స్ రెండోదాన్ని పాటిస్తుంది. ఏఆర్‌పీ ఇగ్నోర్‌ని 1, ఏఆర్‌పీ అనౌన్స్‌ని 2 చేసి దీన్ని అదుపు చేయొచ్చు గానీ, అంత తంటా ఎందుకు? ఒకే నెట్‌వర్క్‌కి రెండు కేబుళ్లంటే బాండింగ్ (రెండు కార్డుల్నీ కలిపి ఒక్కటిగా వాడటం) చేయండి, ఒకే ఐపీ ఇవ్వండి. ఒకటి పనిచేస్తూ ఇంకోటి తోడుగా కాచుకుని ఉండే యాక్టివ్ బ్యాకప్ మోడ్‌కి స్విచ్ మీద ఏమీ మార్చక్కర్లేదు. రెండు కేబుళ్లనీ ఒకేసారి వాడే ఎల్‌ఏసీపీ కావాలంటే స్విచ్ వైపు కూడా పెట్టాలి. అందులోనూ ఒకే ఒక్క కనెక్షన్ ఒక కేబుల్ వేగాన్ని మించదని ముందే తెలుసుకుంటే తర్వాత నిరాశ ఉండదు.

విండోస్ సర్వర్ వాళ్లకి మూలం ఇదే, మెలికలు వేరు. రెండో కార్డుకి గేట్‌వే ఇవ్వబోతే విండోస్ హెచ్చరిక చూపిస్తుంది, మనం చదవకుండా ఎస్ నొక్కేస్తాం. ఆ తర్వాత ఏది గెలవాలన్నది ఆటోమేటిక్ మెట్రిక్ తేలుస్తుంది. అది లింక్ వేగాన్ని బట్టి ఉంటుంది. వేగం ఎక్కువైతే అంకె తక్కువ. బ్యాకప్ కోసం మీరు ముచ్చటపడి 10 గిగాబిట్ కార్డు కొంటే, సరిగ్గా అదే డీఫాల్ట్ రూట్‌ని లాగేసుకుంటుంది! "రూట్ ప్రింట్" కొడితే తెలుస్తుంది. గేట్‌వే తీసేసి, కావాల్సిన నెట్‌వర్క్‌కి మాత్రం "రూట్ యాడ్" కమాండ్‌ని శాశ్వతంగా ఉండే ఆప్షన్‌తో ఇవ్వండి.

గేట్‌వే తీసేశాక ఇంకో వింత ఎదురుకావచ్చు. గేట్‌వే లేని కార్డుని విండోస్ తెలియని నెట్‌వర్క్‌గా లెక్కగట్టి పబ్లిక్ ప్రొఫైల్‌లో పడేస్తుంది, దాంతో ఫైర్‌వాల్ పోర్ట్‌లు మూసేస్తుంది. రూటింగ్ సరిచేస్తే బ్యాకప్ ఆగిపోయిందేంటని జుట్టు పీక్కోకండి, ప్రొఫైల్ చూడండి. మూడోది డీఎన్‌ఎస్. డొమైన్‌లో ఉన్న సర్వర్ తన రెండు చిరునామాల్నీ డీఎన్‌ఎస్‌లో రాయించేస్తుంది. సర్వర్ పేరుతో వచ్చేవాళ్లలో కొందరికి చేరుకోలేని బ్యాకప్ చిరునామా దొరుకుతుంది. "ఐపీతో అయితే వెళ్తోంది, పేరుతో అయితే ఒక్కోసారి వెళ్లడం లేదు" అనే ఫిర్యాదు వింటే నేను నేరుగా రెండో కార్డు అడ్వాన్స్‌డ్ సెట్టింగ్‌లలో డీఎన్‌ఎస్ ట్యాబ్‌కి వెళ్లి, ఈ కనెక్షన్ చిరునామాని రిజిస్టర్ చేయమనే టిక్కు తీసేస్తాను. పాత ఎంట్రీని డీఎన్‌ఎస్ సర్వర్‌లో చేత్తో చెరిపేయాలి, టిక్కు తీసినంత మాత్రాన వెంటనే పోదు.

ఇక రూటింగ్ అంతా సరిగ్గానే ఉండి, కనెక్ట్ కూడా అయి, ఆ తర్వాత హ్యాంగ్ అయ్యే రకం ఒకటుంది. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అవుతుంది, చిన్న కమాండ్లు నడుస్తాయి, పెద్ద ఫైల్ లిస్టింగ్ అడగగానే తెర బిగుసుకుపోతుంది. ఇది ఎంటీయూ, అంటే ఒక ప్యాకెట్ ఎన్ని బైట్ల దాకా ఉండొచ్చన్న పరిమితి. బ్యాకప్ కార్డుకి జంబో ఫ్రేమ్‌లని 9000 పెట్టి ఉంటారు, మధ్యలో ఏదో ఒక స్విచ్ 1500 దగ్గరే ఉంటుంది. ముక్కలు చేయొద్దనే ఆప్షన్‌తో 8972 సైజు పింగ్ కొట్టి చూడండి. 28 బైట్లు హెడర్లకి పోతే అదే 9000. అది వెళ్లకుండా 1472 వెళ్తోందంటే దారిలో ఎవరో 1500 మాత్రమే మోస్తున్నారు. మామూలు పింగ్ చిన్నది కాబట్టి ఎప్పుడూ బాగానే ఉందని అబద్ధం చెప్తుంది.

సర్వర్‌లో డాకర్ (ప్రోగ్రామ్‌లని కంటెయినర్లలో విడివిడిగా నడిపేది) ఉంటే ఇంకొక్కటి చూసుకోండి. దాని బ్రిడ్జ్, అంటే సర్వర్ లోపలే అది పెట్టుకునే నెట్‌వర్క్, మామూలుగా 172.17.0.0/16 (172.17తో మొదలయ్యే చిరునామాలన్నీ) తీసుకుంటుంది. మీ ఇంకో బ్రాంచి ఏదైనా అదే వరుస చిరునామాల్లో ఉంటే, వాళ్ల జవాబులన్నీ సర్వర్ లోపలే ఆ బ్రిడ్జ్‌లోకి వెళ్లి మాయమవుతాయి. అది కూడా కనిపించని మూడో కార్డు లాంటిదే.

మీ వరకు చేయాల్సింది: రెండో కార్డు గేట్‌వే తీసేయండి, నెవర్ డీఫాల్ట్ పెట్టండి, వరసగా ఓ నాలుగైదుసార్లు రీబూట్ చేసి ప్రతిసారీ "ఐపీ రూట్ గెట్ 10.5.3.40" చూడండి. ఒక్కసారి బాగుంటే చాలదు, పందెంలో ఇన్నాళ్లూ ఒక్కోసారి మొదటి కార్డు కూడా గెలిచింది కదా. ప్రతిసారీ 192.168.10.1 వచ్చినా కూడా బ్రాంచి వాళ్లకి టైమవుట్ వస్తుంటే, పైన చెప్పిన రెండు విండోలు మళ్లీ పెట్టి అందులో పడిన మొదటి పది వరుసలు, "ఐపీ రూట్ షో", "ఐపీ రూల్ షో" రెండూ ఇక్కడే కింద రాయండి. సిన్ అసలు ఏ కార్డు మీదా కనిపించకపోతే మాత్రం సర్వర్‌ని వదిలేసి, బ్రాంచి వైపు రూటర్ చూసేవాళ్లకి ఫోన్ చేయండి.